రంగు ఆఖర్నే వెయ్యాలి

పాత మోటారు సైకిలుకి వేరే పెట్రోలు ట్యాంకు పెట్టాలనుకునేవాళ్ళు, చెన్నైలో పాత విడిభాగాలమ్మే పుదుపేట నుంచో, ఆన్‌లైన్లోనో ట్యాంకు తెప్పిస్తారు. పార్శిల్ విప్పగానే అది నేరుగా పెయింటరు దగ్గరికి పోతుంది. అద్దంలా మెరుస్తూ తిరిగొచ్చాక, పాత దుప్పట్లో చుట్టుకుని మెకానిక్కు షెడ్డుకి చేరుతుంది. అసలు పని అక్కడ మొదలవుతుంది. ట్యాంకుని ఫ్రేముకి పట్టించే ముందువైపు బ్రాకెట్టు అర అంగుళం పక్కకుంటుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ట్యాంకు మూలకి కొట్టుకుంటుంది. పెట్రోలు కాక్ (ట్యాంకు అడుగున ఉండే కుళాయి) మర సరిపోదు. ఇక వెల్డింగు పెట్టక తప్పదు. వెల్డింగు వేడికి చుట్టూ నాలుగంగుళాల మేర రంగు మాడుతుంది. మాడిన చోట పుట్టీ పూసి, టచప్ చేసి, ఆ మచ్చతోనే బండిని ఇంటికి తీసుకుపోతారు. నెల తిరక్కముందే బ్రాకెట్టు పక్కన తడి కనిపిస్తుంది.

నెల్లూరు ఆటోనగర్ కావచ్చు, ఒంగోలు కావచ్చు, కందుకూరులో చిన్న షెడ్డు కావచ్చు, వరస మాత్రం ఇదే. "ముందు రంగేపిద్దాం అన్నా, బిగించేది ఎంతసేపు" అనే మాటలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ ఆ వరస తప్పు. ట్యాంకు వట్టి రేకుగా ఉండగానే కొలవాలి, కూర్చోబెట్టాలి, లీకు చూడాలి, పెట్రోలు పోసి రెండొందల కిలోమీటర్లు తిప్పాలి. ఇదంతా దాటాకే రంగు. అందం కోసమే ఈ మాట చెబుతున్నాననుకోకండి. తొడల మధ్య పన్నెండు లీటర్ల పెట్రోలు, దాని కింద కాలే ఇంజను. లీకు ఎక్కడ పుడుతుందో కంటికి కనబడేది రేకు వట్టిగా ఉన్నప్పుడే. పుట్టీ, ప్రైమరు, రంగు, క్లియర్ కోటు పడ్డాక సూదిమొనంత బెజ్జం కూడా వాటి చాటున కొన్ని వారాలు దాక్కుంటుంది. పెట్రోలు నెమ్మదిగా రంగుని లోపలి నుంచి పొక్కించి, ఒకరోజు బయటపడుతుంది.

కొనేటప్పుడే మొదటి తప్పు జరుగుతుంది. ఏ బండి ట్యాంకు ఆ బండి ఫ్రేముకి పుట్టింది. 1955లో మద్రాసులో మొదలైన మన బుల్లెట్టు, మైసూరులో 1996 దాకా తయారైన యెజ్డీ, 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100, ఈ మూడింటికీ ఫ్రేము పైగొట్టం వాలు వేరు, ఆ గొట్టం ఇమిడే ట్యాంకు కింది సొరంగం వెడల్పు వేరు, పట్టుకునే పద్ధతి వేరు. ఫొటోలో బాగుందని ఇంకో బండి ట్యాంకు కొనేముందు ఒక అట్టముక్క తీసుకోండి. ఫ్రేము పైగొట్టం వెడల్పు, హ్యాండిల్ తిరిగే ఫ్రేము హెడ్డు దగ్గర రెక్కల వెడల్పు, సీటు ముందంచు నుంచి హ్యాండిల్ కాలరు దాకా పొడవు, ఇంజను హెడ్డు నుంచి గొట్టం దాకా ఎత్తు కొలిచి అట్ట కత్తిరించుకోండి. అమ్మేవాణ్ణి ట్యాంకు బోర్లించి సొరంగం కొలతలు పంపమని అడగండి. సొరంగానికీ గొట్టానికీ రెండు పక్కలా కనీసం 8 మి.మీ. సందు ఉండాలి. వైరింగు కట్ట కూడా ఆ సందులోంచే పోతున్నట్టయితే 12 అయినా కావాలి. వైరు రేకుకి రాసుకుంటూ పోతే ఒకనాటికి ఇన్సులేషన్ అరుగుతుంది. పెట్రోలు ట్యాంకు కింద నిప్పురవ్వ అంటే ఏమిటో వివరించక్కర్లేదు.

ఫైబరు ట్యాంకుల గురించి మొహమాటం లేకుండా చెబుతాను: వద్దు. 2023 ఫిబ్రవరిలో మొదలైన ఇ20 పెట్రోలు ఇవాళ మన బంకుల్లో మామూలైపోయింది. అందులో అయిదో వంతు ఇథనాల్. మామూలు పాలియెస్టర్ రెజిన్‌తో పోసిన ఫైబరుని ఇథనాల్ మెత్తబరుస్తుంది. కరిగిన రెజిన్ జిగురులా కార్బొరేటరు జెట్లలోకీ వాల్వు కాడల మీదికీ చేరుతుంది. రేకు ట్యాంకే తీసుకోండి. 0.9 మి.మీ. అంటే 20 గేజి షీటు చాలు, 18 గేజి అయితే ఇంకా నిబ్బరం. అల్యూమినియం తేలికే గానీ, అదిరే సింగిల్ సిలిండరు బండి మీద దాని వెల్డింగు అతుకులు చీలకుండా చెయ్యగల చెయ్యి దొరకడం కష్టం.

ట్యాంకు చేతికొచ్చాక మూత తీసి లోపలికి టార్చి వేసి చూడండి. తుప్పు పొడిలా ఉంటే కడగొచ్చు. పొరలుగా లేస్తుంటే ఆ ట్యాంకు తిప్పి పంపించెయ్యండి. తుప్పు కడగడానికి నిమ్మ ఉప్పు చాలు: లీటరు నీళ్ళకి 80 నుంచి 100 గ్రాములు. పన్నెండు లీటర్ల ట్యాంకుకి కిలో పైచిలుకు పడుతుంది. వేడినీళ్ళలో కలిపి, కాక్ బెజ్జం బిగించి, గొంతుదాకా నింపి ఒక రాత్రి వదలండి. ఎక్కువసేపు ఉంచితే మంచి రేకుని కూడా తింటుంది, పొద్దున్నే పారబొయ్యాలి. తర్వాత లీటరుకి రెండు చెంచాల వంట సోడా కలిపిన నీళ్ళతో కడిగితే పులుపు విరుగుతుంది. ఇక్కడ మన జిల్లాల వాళ్ళు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా సముద్రం పొడుగునా చాలా ఊళ్ళలో బోరునీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతో ఆఖరి కడుగు కడిగితే ఉప్పు రేకుకి పట్టుకుని ఉంటుంది, ఆరేలోపే ఎర్రటి పొర కడుతుంది. ఆఖరి కడుగుకి తాగే క్యాను నీళ్ళు వాడండి. కడిగిన వెంటనే హెయిర్ డ్రయ్యరో, బ్లోయరో పెట్టి ఆరబెట్టి, ఇంకా వేడిగా ఉండగానే 200 మి.లీ. టూటీ ఆయిలు (టూ స్ట్రోక్ బళ్ళ ఇంజనాయిలు) పోసి నలుమూలలకీ తిప్పండి. గంటసేపు ఆగితే చేసిన పని దండగ.

లోపల పూసే ఎపాక్సీ కోటింగుల మీద నాకు నమ్మకం తక్కువ. రేకు మీద నూనె జాడ గానీ తుప్పు గానీ మిగిలితే అది పట్టదు. పట్టని చోట ఇథనాల్ దూరి, పొరలు పొరలుగా లేపి ఫిల్టర్ని మూసేస్తుంది. బెజ్జాన్ని కోటింగుతో కప్పడం మరీ తప్పు. బెజ్జానికి మందు వెల్డింగే.

ఇప్పుడు కూర్చోబెట్టడం. చాలా షెడ్లలో బండిని సెంటర్ స్టాండు మీదే ఉంచి ట్యాంకు వాలు చూస్తారు. స్టాండు మీద వెనక చక్రం లేచి ఉంటుంది కాబట్టి అక్కడ సమంగా కనిపించిన ట్యాంకు, రోడ్డు మీద తల పైకెత్తుతుంది. పెట్రోలు వెనక్కి జారుతుంది. కాక్ ముందువైపు ఉన్న ట్యాంకయితే అడుగున లీటరు, లీటరున్నర ఎప్పటికీ ఇంజనుకి అందదు. అందుకే రెండు చక్రాలూ నేలమీద ఉండాలి, సీటు మీద ఒక మనిషి కూర్చోవాలి, అప్పుడు వాలు చూడాలి. ట్యాంకుని ఫ్రేము మీద 10 మి.మీ. చెక్క ముక్కలతో ఎత్తి పెట్టండి. హ్యాండిల్ అటూ ఇటూ చివరిదాకా తిప్పండి: క్లచ్ లివరు, స్విచ్చి, కేబుళ్ళు, ఫోర్కు గొట్టాలు, దేనికైనా ట్యాంకుకి మధ్య కనీసం 12 మి.మీ. ఉండాలి. ఇంజను హెడ్డుకీ ట్యాంకు అడుగుకీ మధ్య 15 అయినా కావాలి. ప్లగ్గు పానా తిరుగుతుందా, రాకర్ కవరు ఊడదీయగలమా అన్నవి కూడా ఇప్పుడే చూడండి.

బ్రాకెట్ల దగ్గర కాసేపు ఆగుతాను. లీకులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. పెట్రోలు లీటరు బరువు ముప్పావు కిలోకి కాస్త తక్కువ. పన్నెండు లీటర్లంటే తొమ్మిది కిలోలు. ట్యాంకు సొంత బరువు నాలుగు వేసుకోండి. పదమూడు కిలోల బరువు, గుంతలో పడ్డప్పుడు అయిదింతల కుదుపు తగిలిందంటే 65 కిలోల దెబ్బ. దానికి తోడు సింగిల్ సిలిండరు అదురు నిమిషానికి వేల సార్లు. ట్యాంకుని ఫ్రేముకి ఇనుము మీద ఇనుముగా బిగిస్తే ఈ అదురంతా 0.9 మి.మీ. రేకు మీద, అదీ వెల్డింగు గీత అంచున పడుతుంది. వెల్డు బాగుంటే వెల్డు పక్కన రేకు చీలుతుంది. వెల్డరు చెయ్యి మంచిదైనా ఇది తప్పదు. తప్పు బిగింపుది.

ట్యాంకు ఫ్రేము మీద తేలుతున్నట్టు కూర్చోవాలి. ముందు రెండు రబ్బర్లు, వెనక రబ్బరు వాషర్ల మధ్య ఒక బోల్టు, అంతే. బోల్టు చుట్టూ ఇనప బుష్ తప్పనిసరి. బుష్ పొడవు రబ్బర్లూ, వాటి మధ్య బ్రాకెట్టూ కలిపిన మందం కంటే ఒక మిల్లీమీటరు తక్కువ ఉండేట్టు లేతు షాపులో కోయించండి. అప్పుడు నట్టు బిగిస్తే బుష్ దగ్గర ఆగిపోతుంది, రబ్బరు ఒక్క మిల్లీమీటరే నొక్కుకుంటుంది. బుష్ లేకపోతే బిగించేవాడి బలం కొద్దీ రబ్బరు చితికి, మళ్ళీ ఇనుము మీద ఇనుమే. 8 మి.మీ. బోల్టుకి 15 న్యూటన్ మీటర్లు చాలు, నైలాన్ లాక్ నట్టు వాడండి. లారీ ట్యూబు ముక్కలు కోసి మడతపెట్టి పెట్టడం మన దగ్గర మామూలు. పెట్రోలు చుక్క పడితే అవి ఉబ్బి మెత్తబడతాయి. ఎండాకాలం ముగిసేసరికి ట్యాంకు గొట్టం మీద కూర్చునుంటుంది. నైట్రైల్ రబ్బరు అడగండి, ఖర్చు తేడా చిన్నది.

బ్రాకెట్టు రేకుకి నేరుగా అతకొద్దు. ముందు 1.6 మి.మీ. మందం, సుమారు 40కి 60 మి.మీ. బిళ్ళ ఒకటి, మూలలు గుండ్రంగా చేసి రేకుకి అతికించి, బ్రాకెట్టు ఆ బిళ్ళ మీద పెట్టాలి. దెబ్బ ఒక గీత మీద కాకుండా బిళ్ళంతా పంచుకుంటుంది. మూల పదునుగా ఉంటే చీలిక ఆ మూల నుంచే మొదలవుతుంది. ఆర్గాన్ వెల్డింగు అయితే వేడి తక్కువ పాకుతుంది, రేకు వంకర పోదు. బండి మీద, కదలకుండా ఉండేందుకు రెండు చుక్కల ట్యాక్ వెల్డు మాత్రమే పెట్టి, ట్యాంకు దించి బల్ల మీద పూర్తి వెల్డింగు చెయ్యాలి. ట్యాక్ పెట్టేముందు బ్యాటరీ వైరు తీసెయ్యండి, ఎర్తు క్లిప్పు ట్యాంకుకే పట్టించండి.

ట్యాంకు ఎప్పుడైనా పెట్రోలు తాగినదైతే, వెల్డింగు ముందు ఆగండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం దాకా ఉంటే రవ్వ తగలగానే పేలుతుంది. ఖాళీ ట్యాంకులో అతుకుల మధ్య ఇమిడిన పెట్రోలు వెల్డింగు వేడికి ఆవిరై ఆ పాళ్ళలోకి వస్తుంది. ముక్కుకి వాసన రావట్లేదంటే సరిపోదు. మరిగే నీళ్ళూ బట్టల సోడా కలిపి మూడుసార్లు కడిగి, రెండ్రోజులు మూత తీసి ఆరబెట్టి, వెల్డు చేసే చోటు పైకి వచ్చేట్టు తిప్పి, ఆ చోటుకి వేలెడు కిందిదాకా నీళ్ళు నింపి అప్పుడు చెయ్యాలి. నీళ్ళ మట్టానికి పైన ఉండే బెజ్జం, మూతది గానీ కాక్‌ది గానీ, తెరిచే ఉండాలి. వెల్డరు తొందరపడితే ఆ షెడ్డు నుంచి ట్యాంకు తెచ్చేసుకోండి.

ఫ్రేముకి మాత్రం వెల్డింగు పెట్టనివ్వకండి. ఛాసిస్ నంబరు ఫ్రేము హెడ్డు దగ్గరే ఉంటుంది చాలా బళ్ళకి. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగింపు, దానికి తనిఖీ ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చే మార్పుల్ని ఒప్పుకోదు. గొట్టం చుట్టూ బిగించే రెండు ముక్కల క్లాంపు చేయించుకుంటే, రేపు విప్పేసినా ఫ్రేము పుట్టినప్పటిలాగే ఉంటుంది.

లీకు పరీక్షకి కంప్రెసర్ గాలి పెట్టడం నేను చూసే ఇంకో ఘోరం. లెక్క వెయ్యండి: ట్యాంకు పక్క రేకు 40కి 25 సెంటీమీటర్లనుకుంటే వెయ్యి చదరపు సెంటీమీటర్లు. టైరుకి పెట్టినట్టు 30 పౌండ్ల గాలి పెడితే ఆ ఒక్క పక్క మీద రెండు టన్నుల పైచిలుకు తోపు. రేకు బానలా ఉబ్బుతుంది, అతుకు విడుతుంది. నీళ్ళతో చెయ్యండి. కాక్ బెజ్జం మూసి, ట్యాంకు నిండా నీళ్ళు పోసి, మూత స్థానంలో రబ్బరు బిరడా, అందులో ఒక పారదర్శక పైపు మీటరు ఎత్తుకి నిలబెట్టి నీళ్ళతో నింపండి. మీటరు నీళ్ళంటే సెంటీమీటరు చదరానికి వంద గ్రాములే, అయినా పక్క రేకు మీద వంద కిలోలు. చాలు. అరగంటలో పైపులో మట్టం దిగకూడదు.

నీళ్ళు ఆగిన చోట పెట్రోలు ఆగుతుందని లేదు, అది ఇంకా సన్నటి సందుల్లోంచి పాకుతుంది. అందుకని ట్యాంకు ఆరబెట్టాక, బయట అతుకులన్నిటి మీదా సుద్దముక్క నానబెట్టి పలచగా పుయ్యండి. ఆరాక లోపల లీటరు డీజిలు పోసి, ఒక్కో పక్కకి తిప్పుతూ రాత్రంతా వదలండి. బెజ్జం ఉన్న చోట తెల్లటి సుద్ద మీద నూనె మరక తెల్లారేసరికి నాణెమంత అవుతుంది. ఈ పరీక్ష రంగు వేసిన ట్యాంకు మీద పని చెయ్యదు. నేను ఇంత పట్టుబట్టడానికి ఇది పెద్ద కారణం.

కాక్ దగ్గర మర ముందు గుర్తించండి. పాత బ్రిటిష్ పద్ధతిలో వచ్చిన బళ్ళకి పైపు మర ఉంటుంది. పావంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర కొలత) అయితే బయటి వ్యాసం సుమారు 13.2 మి.మీ., అంగుళానికి 19 మరలు. 14 మి.మీ. బోల్టు మర దీనికి దగ్గరగా కనిపించినా రెండూ కలవవు. రెండు మరలు తిరిగి బిగుసుకుంటే ఆపేసి గేజి పెట్టి చూడండి, పానాతో నెట్టొద్దు. ఈ మరలు తిన్ననివి, మరతో కాదు వాషరుతో లీకు ఆపుతాయి. టెఫ్లాన్ టేపు ఎన్ని చుట్లు చుట్టినా పనికిరాదు, తెగిన పోగులు జెట్లో ఇరుక్కుంటాయి. ఫైబరు వాషరో, రబ్బరు అంచున్న వాషరో వేసుకోండి. సిలికాన్ అసలు వద్దు, పెట్రోలులో ఉబ్బి ముక్కలవుతుంది. ఆర్‌ఎక్స్ లాంటి జపాను బళ్ళకి మర బదులు రెండు బోల్టులతో బిగించే చదును ముఖం (ఫ్లాంజీ), దాని కింద "O" ఆకారం రబ్బరు రింగు ఉంటాయి. ఫ్లాంజీ ముఖం వంకరుంటే రింగు ఎంత కొత్తదైనా కారుతుంది. దీనికి మన ప్రకాశం జిల్లాలో చేతికందే సాధనం ఉంది: చీమకుర్తి గ్రానైటు పాలిష్ పలక ముక్క. దాని మీద 400 నంబరు ఎమరీ పేపరు పరిచి, కాక్ ముఖాన్ని ఎనిమిది అంకె రాసినట్టు రుద్దండి. ముఖమంతా ఒకే మెరుపు వస్తే తిన్నగా ఉన్నట్టే.

పైపు 6 మి.మీ. లోపలి వ్యాసం, ఇథనాల్‌కి తట్టుకునేది. పెట్రోలు పైపుల ప్రమాణం ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉంటే మంచిది. పారదర్శక ప్లాస్టిక్ పైపు ఇ20 తగిలితే కొన్నాళ్ళకే గట్టిపడి కొసల దగ్గర చిట్లుతుంది. పైపు కిందికే దిగాలి, మధ్యలో పైకి లేచి వంగితే గాలి బుడగ నిలుస్తుంది. పంపు ఉన్న కారుకి చేసిన కాగితం ఫిల్టరు మన బండికి వద్దు, ఇక్కడ పెట్రోలు తన బరువుతో తనే దిగాలి. కాక్ లోపలి జాలీ శుభ్రంగా ఉంటే చాలు.

ఇంజనుకి ఎంత కావాలి? గంటకి 80 కిలోమీటర్లు, లీటరుకి 25 మైలేజీ అనుకుంటే గంటకి 3.2 లీటర్లు, నిమిషానికి 53 మి.లీ. ట్యాంకులో లీటరే ఉంచి, రిజర్వులో పెట్టి, పైపు కొస సీసాలో పెట్టి నిమిషం పట్టండి. 200 మి.లీ. వస్తే నిశ్చింత, 100 కంటే తగ్గితే ఎక్కడో అడ్డుంది. మూత బిగించి పది నిమిషాలు పట్టి చూడండి. మొదట ధారగా వచ్చి తర్వాత సన్నబడిందంటే మూత గాలి బెజ్జం మూసుకుపోయింది. చాలామంది దీన్నే కార్బొరేటరు జబ్బనుకుని జెట్లు మారుస్తారు.

ఇక రోడ్డు. మొదట లీటరు పోసి అరగంట చూడండి, తర్వాత అయిదు, తర్వాత నిండా. నిండా అంటే గొంతుదాకా కాదు. రోహిణి కార్తెలో బంకు కింద చల్లగా ఉన్న పెట్రోలు ఎండలో నిలబెట్టిన ట్యాంకులో 20 డిగ్రీలు వేడెక్కితే పన్నెండు లీటర్లకి పావు లీటరు దగ్గర్లో పెరుగుతుంది. రెండంగుళాలు వెలితి ఉంచండి. అతుకులకి మళ్ళీ సుద్ద పూసి నెల్లూరు నుంచి మైపాడు దాకా ఓసారి, గుంతల రోడ్డు మీద ఓసారి, జాతీయ రహదారి మీద ఒంగోలు దాకా ఓసారి. మన పెట్రోలుకి నారింజ రంగు కలుపుతారు కాబట్టి సుద్ద మీద చుక్క అంటినా తెలుస్తుంది. వట్టి రేకు మీద ఎక్కడైనా కొత్తగా మెరిసే గీత కనిపిస్తే అక్కడ ఏదో రాసుకుంటోంది.

"సముద్రం గాలికి వట్టి రేకు తుప్పు పట్టదా" అని పెయింటర్లు అడుగుతారు. పడుతుంది. అందుకే పూటపూటకీ నూనె గుడ్డతో తుడవాలి, పరీక్షలన్నీ వారం పది రోజుల్లో ముగించాలి. పైన పట్టిన ఆ పలచని తుప్పు ఎమరీకి పోతుంది. రెండోసారి విప్పే కూలీ దండగ అనే మాట కూడా వింటాను. మాడిన రంగు మళ్ళీ వేయించే ఖర్చుతో పోలిస్తే అది చాలా చిన్నది.

రంగుకి ఇచ్చేముందు పెట్రోలు తీసేసి, సోడా నీళ్ళతో కడిగి ఆరబెట్టి, లోపల నూనె పట్టించి, కాక్ మరలకీ మూత అంచుకీ టేపు వేసి ఇవ్వండి. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు మీద పెట్రోలు చుక్క పడితే కరిగి మరకవుతుంది, పీయూ (పాలీయురేథేన్) రంగే వేయించండి. వేసిన వారం దాకా పెట్రోలు పొయ్యొద్దు. రబ్బర్ల కింద రంగు మందంగా పడితే బుష్ లెక్క తప్పుతుంది, అక్కడ ప్రైమరుతో ఆపమని చెప్పండి. వెనక బోల్టు నుంచి ఫ్రేముకి సన్నటి ఎర్తు వైరు ఒకటి, రంగు లేని చోట తగిలేట్టు బిగించండి.

ఊడదీసిన పాత ట్యాంకుని పాత ఇనుము కొనేవాడికి వెయ్యకండి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజిగా నమోదు చేసుకోవాలంటే ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్లో పెద్ద మార్పులు ఉండకూడదు. మీ బండికి ఆ వయసు వచ్చినప్పుడు దాని పుట్టు ట్యాంకు మీ దగ్గరుండాలి. పెట్రోలు పూర్తిగా వంచేసి, ఆరబెట్టి, 100 మి.లీ. టూటీ ఆయిలు పోసి తిప్పి, మూత బిగించి, కాక్ బెజ్జానికి బిరడా కొట్టి అటక మీద పెట్టండి. ఏడాదికోసారి, వానాకాలం ముగిశాక, దించి ఆ నూనెని మళ్ళీ నలుమూలలకీ తిప్పండి.